కారణం అనే గడి

శెట్టూరు పశువుల ఆసుపత్రిలో నా పని
బర్రెల ఈత, గొర్రెల నీలినాలుక, కోళ్ళ కొక్కెర.
గుట్టల్లో ఏదైనా పడినప్పుడు మాత్రం
వాచరు వన్నూరప్ప బండి మీద వస్తాడు.
"మేడమ్, ఒకటి పడింది" అంటాడు.
ఏది అని చెప్పడు. నేనూ అడగను.
తొడుగులూ కత్తీ సీసాలూ సర్దుకుంటాను.

పంచనామా కాయితంలో చివరి గడి పేరు
కారణం.
రెండు వేళ్ళ వెడల్పు.

దానిమ్మ తోట చుట్టూ రాత్రిళ్ళు పారించిన కరెంటు.
జింక. గిట్టల మధ్య నల్లమచ్చ,
అగ్గిపుల్ల ఆర్పినంత.
'విద్యుదాఘాతం' అని రాశాను.
తోటాయన గట్టు మీద కూచుని తలెత్తలేదు.
మూడు బోర్లు ఎండినాయంట.
అది ఈ గడిలో పట్టదు.

మెట్లు కూలిన బావి. నక్క, దాని పిల్లలు రెండు.
ఒరల మీద గోళ్ళ గీతలు
పైకి పోయేకొద్దీ పలచన.
'మునక.'

పందికి పెట్టిన నాటుబాంబు కొరికిన తోడేలు
దవడ లేకుండా ఎనిమిది రోజులు తిరిగింది.
గొర్రెల కాపర్లు చూశారు, రోజుకొకరు, రోజుకొక చోట.
చంపింది బాంబా, ఆకలా?
'బాంబు' అని రాశాను.
ఆకలి మీద కేసు పెట్టలేం.

గాలిమరల కింద రాలిన గద్దల్ని
నా దాకా ఎవరూ తేలేదు.
ఊరకుక్కలు ముందే పంచనామా చేసేసేవి.

మొన్న ఉగాది దాటినాక వన్నూరప్ప వచ్చి
బండి దిగకుండానే నిలబడ్డాడు.
"ముసిల్ది పోయినట్టుండాది మేడమ్."

కుందుర్పి గుట్టలో గుండ్ల సందున
ముక్కు ముంజేతుల్లో దాచుకుని
ఆడ ఎలుగుబంటి.
మూతి నిండా బూడిద.
కోరలు అరిగి అరిగి
జొన్నరొట్టె నీళ్ళలో నానేసుకునే అవ్వ నోరు.

కత్తి పెట్టాను.
తొడలో ఏడు నాటు తుపాకి రవ్వలు,
ఒక్కోదాని చుట్టూ ఒళ్ళు గూడు కట్టేసింది.
ముందుకాలికి ఉచ్చు దిగిన గాడి,
దాని మీద వెంట్రుక కూడా మొలిచింది.
పక్కటెముకలు మూడు విరిగి, వంకరగా అతుక్కుని:
లారీయో, బావో, అదేమీ చెప్పలేదు.
కడుపులో చెదలు, బలుసు గింజలు,
డ్రిప్పు పైపు ముక్క ఒకటి.

ఇన్నేళ్ళూ నేను గళ్ళలో రాసినవన్నీ
దీని ఒంట్లో ఉన్నాయి.
ఒక్కటీ దీన్ని చంపలేదు.

గుండె కోసి చూశాను, తిత్తులు, కాలేయం.
ఏమీ దొరకలేదు.
దొరకనందుకు చేతులు వణికాయి.

వన్నూరప్ప టోపీ తీశాడు.
ఎడమ చెవి ఉండాల్సిన చోట తడుముకుంటూ అన్నాడు:
"ఇదేనేమో, నా చెవి తీసుకుంది.
ఇరవై రెండేండ్లాయ నేను చేరి.
ముసలై సచ్చిన దాన్ని సూసేది ఇదే మొదలు."
నవ్వాడు. నవ్వి, గుట్ట వైపు తిరిగి
చాలాసేపు అట్లే ఉన్నాడు.

గోళ్ళు ఇరవై, ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టి
డీజిలు పోసి కాల్చాం.
గడిలో 'వయసు' అని రాశాను.
ఇంకా చోటు మిగిలింది.

పదోరోజు అనంతపురం నుంచి ఫైలు తిరిగొచ్చింది,
ఎర్రసిరాతో.
కారణం స్పష్టంగా లేదు.
కింది వాటిలో ఒకటి గుర్తించి పంపగలరు:
విద్యుత్తు, విషం, వేట, వాహనం, బావి, వ్యాధి, ఇతరములు.

బయట వేపకొమ్మకి నింగమ్మ బర్రె, పొద్దున్నుంచీ నొప్పుల్లో.
'ఇతరములు' చుట్టూ సున్నా చుట్టాను.
పక్కన చిన్నక్షరాలతో
'పళ్ళు అరిగేదాకా' అని రాస్తుంటే

"డాక్టరమ్మా, కాళ్ళు కనపడతాండాయి!"

కాయితం ఎగరకుండా
సిరంజిల డబ్బా మీద పెట్టి లేచాను.